బాబు బూటు ఎలుగుబంటి నోట్లో పడింది. తప్పు మాదా, జూ వాళ్ళదా?

గన్నవరం కోడలు
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారమండీ. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. నిన్న జరిగింది ఎవరికైనా చెప్పుకోకపోతే ఈ రాత్రి కూడా నిద్ర పట్టేలా లేదు.

మాది కోనసీమ. పి.గన్నవరం దగ్గర కాలవ గట్టు మీద ఇల్లు. నిన్న ఆదివారం వ్యాన్ మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ ఒక పెద్ద ఊళ్ళో ఉన్న జూకి వెళ్ళాం. అత్తయ్యగారు, మావయ్యగారు, మా ఆయన, నేను, మా నాలుగేళ్ళ బాబు, మా ఆడపడుచు, ఆవిడ ఇద్దరు పిల్లలు. ఏ జూ అన్నది మాత్రం రాయను. తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరినా, గేటు లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండు దాటింది. అప్పటికే పిల్లలు అలిసిపోయారు.

ఎలుగుబంటి దగ్గర జనం మూడు వరసల్లో నిలబడి ఉన్నారు. బాబుకి ఏమీ కనపడక ఏడుపు మొదలెట్టాడు. మా ఆయన వాణ్ణి ఎత్తి రెయిలింగ్ మీద కూర్చోబెట్టారు. రెండు చేతులతో నడుం పట్టుకునే ఉన్నారు, ఆ మాట నిజం. కానీ వాడి కాళ్ళు రెండూ అవతలి వైపు వేలాడుతున్నాయి. రెయిలింగ్ దాటాక మూరెడు వెడల్పున మొక్కలు, ఆ వెంటనే కందకం. నేను పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాను.

అవతల ఎలుగుబంటి వెనక కాళ్ళ మీద లేచి నిలబడి మా వైపే చూస్తోంది. మా పక్కనున్న వాళ్ళెవరో వేరుశనగకాయలు విసురుతుంటే ఏరుకుని తింటోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. బాబు సంతోషం పట్టలేక కాళ్ళు టపటపా ఆడించాడు. కుడి కాలి బూటు ఊడి పడింది. నడిస్తే మడమ దగ్గర ఎర్రగా, నీలంగా లైట్లు వెలిగే బూట్లు. సంక్రాంతికి మేనత్త కొనిపెట్టింది, ఒక సైజు పెద్దవి. అది కందకం అంచుకి తగిలి అవతలి గడ్డిలోకి దొర్లింది. దొర్లుతున్నంతసేపూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎలుగుబంటి నింపాదిగా వచ్చి వాసన చూసింది, ముట్టె ఆనించి పీల్చినట్టు చేసింది, నోట కరుచుకుంది. జనం గొల్లుమన్నారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నా వీడియోలో ఉంది. నిన్నటి నుంచి నాలుగుసార్లు విన్నాను.

అంతలో ఖాకీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి "ముందు బాబుని దించండి!" అని గట్టిగా అరిచాడు. నలుగురిలో అలా అరిచేసరికి మా ఆయనకి కోపం వచ్చింది. మావయ్యగారు కల్పించుకుని "టికెట్ డబ్బులు తీసుకున్నారు కదయ్యా, గోడ ఎత్తుగా కట్టుకోవాలి గానీ మమ్మల్నంటావేంటి?" అన్నారు. ఆ కుర్రాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. బాబు కిందకి దిగేదాకా చూసి వెనక వైపు పరుగెత్తాడు. కాసేపటికి లోపల ఎక్కడో ఇనప గొళ్ళెం చప్పుడైంది. ఎలుగుబంటి తల తిప్పి, బూటు నోట్లో ఉండగానే ఆ చప్పుడు వైపు వెళ్ళిపోయింది. మేము చెట్టు కింద చాప వేసుకుని పులిహోర తిన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో దారంతా ఇదే మాట. తప్పు జూ వాళ్ళదేనని అందరూ తేల్చేశారు. నేనూ ఊఁ కొట్టాను. ఇంటికొచ్చి గేటు తీస్తుంటే మాత్రం మనసులో ఏదో కలుక్కుమంది. మా గేటుకి గడియ కాకుండా పైన ఒక నైలాన్ తాడు ముడేసి ఉంటుంది. బాబు నడక నేర్చిన వారానికే అత్తయ్యగారు కట్టించారు, ఎదురుగా కాలవ కదా అని. బట్టలుతకడానికి రేవుకి దిగితే వాడి చొక్కా కొసైనా ఆవిడ గుప్పిట్లో ఉండాల్సిందే. ఆ కాలవకి గోడ లేదు. గోడ కట్టలేదని మా ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవ్వరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. గేదె ఈనిందంటే నాలుగు రోజులు పిల్లల్ని పాక వైపే రానివ్వం. ఇంత తెలిసిన వాళ్ళం, టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళేసరికి ఆ తెలివంతా గేటు దగ్గరే వదిలేసినట్టు అయింది.

ఇప్పుడు చెప్పండి, తప్పు మాదేనా? నేను మరీ ఎక్కువ ఆలోచిస్తున్నానా? ఆ ఎలుగుబంటికి ఏమైనా అవుతుందా?


పాలకొల్లు నాన్న
సోమవారం, రాత్రి 11:05

చెల్లెమ్మా, నువ్వు మరీ అంత కుమిలిపోకు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. మూడేళ్ళ కిందట అంతర్వేది తీర్థంలో, రథం రోజున, చెయ్యి పట్టుకున్న పిల్ల చెయ్యి పట్టుకున్నట్టే మాయమైంది. నేను జీళ్ళు కొని డబ్బులిచ్చి తిరిగేలోపు లేదు. పదిహేను నిమిషాల తర్వాత బొమ్మల కొట్టు దగ్గర దొరికింది. ఆ పదిహేను నిమిషాలు నేను ఎలా ఉన్నానో నా భార్యకి కూడా చెప్పలేదు. అక్కడ చుట్టూ ఉన్న వాళ్ళు సాయం మానేసి "పిల్లని చూసుకోలేవా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2016 మే 28న అమెరికాలో సిన్సినాటి జూలో మూడేళ్ళ పిల్లాడు కంచె దూరి గొరిల్లా ఉన్న కందకంలో పడ్డాడు. హరాంబే అనే 17 ఏళ్ళ గొరిల్లా, దాన్ని జూ వాళ్ళే కాల్చేశారు. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ తల్లి మీద పడింది. ఆవిడ మీద విచారణ జరపాలని లక్షల మంది సంతకాలు పెట్టారు. చివరికి అక్కడి ప్రాసిక్యూటర్ కేసు అక్కర్లేదని తేల్చాడు. ఆవిడతో ఇంకా ముగ్గురు పిల్లలున్నారు, మూడేళ్ళ వాడు ఎంత వేగంగా జారిపోతాడో పిల్లల్ని పెంచిన వాళ్ళకే తెలుస్తుంది అన్నాడు. నాకు ఆ మాట చాలా న్యాయంగా అనిపించింది.

జూ వాళ్ళ బాధ్యత కూడా అడగాలమ్మా. ఆదివారం అంత జనం వస్తారని తెలిసి ఎలుగుబంటి దగ్గర ఒక్క మనిషిని నిలబెట్టలేదా? వేరుశనగకాయలు విసిరే వాళ్ళని ఆపే వాళ్ళు లేరా?


జూలో ముప్ఫయ్యేళ్ళు
సోమవారం, రాత్రి 11:20

అమ్మా, తప్పొప్పుల సంగతి తర్వాత. బూటులో లైట్లు వెలుగుతాయన్నారు. అంటే మడమలో బటన్ సెల్లు ఉంటాయి. అది నిన్న మధ్యాహ్నం మాట, ఇప్పటికి ఒకటిన్నర రోజు అవుతోంది. ఆ బూటు మామూలు రబ్బరు బూటే అని అక్కడి వాళ్ళు అనుకుని ఉండొచ్చు.

ఇప్పుడే జూకి ఫోన్ చెయ్యండి. రాత్రి డ్యూటీలో ఎవరో ఒకరు ఉంటారు. ఎత్తకపోతే తెల్లారగానే మళ్ళీ చెయ్యండి. ఎలుగుబంటి ఆవరణ అని, ఎన్ని గంటలకి పడిందో, ఏ కాలిదో, ఏ రంగో, లోపల బ్యాటరీ ఉందనీ చెప్పండి. రెండో బూటు ఇంట్లో ఉంటే మడమ కోసి, లోపల ఏముందో ఫోటో తీసి పంపండి. పక్కన కొలతకి ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. కేసు పెడతారేమోనని భయపడి ఆగకండి.


గన్నవరం కోడలు
మంగళవారం, అర్ధరాత్రి 12:35

బాబాయ్ గారూ, మీ మాట చదవగానే కాళ్ళలో వణుకు వచ్చింది. బ్యాటరీ సంగతి నాకు తట్టనే లేదండి. ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. మా ఆయన్ని లేపాను. ఎడమ కాలి బూటు తెచ్చి కత్తిపీట మీద మడమ కోశారు. లోపల అగ్గిపెట్టెలో సగం ఉండే తెల్ల ప్లాస్టిక్ డబ్బీ ఉంది, దాంట్లోంచి రెండు సన్నటి వైర్లు, చివర చిన్న బల్బులు. డబ్బీ విప్పితే రెండు గుండ్రటి సెల్లు ఒకదాని మీద ఒకటి, పక్కన సన్నటి స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ కదిలితేనే లైటు వెలుగుతుందట. ఆ సెల్లు రెండూ అరచేతిలో పెట్టుకుని మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫోటోలు తీశాం. ఆరింటికి మళ్ళీ చేస్తాను.


ఉండి అమ్మాయి
మంగళవారం, ఉదయం 7:10

జూలో జంతువుల్ని విసిగించడం, తిండి పెట్టడం, గోల చెయ్యడం నేరమని వన్యప్రాణి చట్టంలోనే ఉంది, 38జె సెక్షన్. ఆరు నెలల దాకా జైలు శిక్ష వెయ్యొచ్చు. ఆ వేరుశనగకాయల వాళ్ళని మీరు పక్కనే నిలబడి చూస్తూ చప్పట్లు కొట్టారు కదా. సంక్రాంతికి మా వైపు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని కత్తులు కట్టిన కోళ్ళ బరుల దగ్గర నిలబెడతారు. ఆ పిల్లలకి జంతువంటే ఏమని తెలుస్తుంది? కోపంగా రాశాననుకోకండి. మీరు ఒప్పుకుని రాశారు, అంత మాత్రం కూడా చాలామంది చెయ్యరు.


జూలో ముప్ఫయ్యేళ్ళు
మంగళవారం, ఉదయం 9:30

ఫోన్ దొరికిందా అమ్మా? దొరికే ఉంటుందనుకుని మిగతాది రాస్తున్నాను.

నేను ఒక జూలో యానిమల్ కీపర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మండపేట దగ్గర మా అన్నయ్య ఇంటి పక్కనే ఉంటున్నాను. ఎలుగుల దగ్గరే పన్నెండేళ్ళు పనిచేశాను, కాబట్టి మీరు రాసింది చదువుతుంటే కళ్ళకి కట్టింది. అది లేచి నిలబడి మీ వైపు చూసిందన్నారు చూడండి, అందరికీ అది ఆటలా కనపడుతుంది. అది అడుక్కోవడమమ్మా. జనం వైపు నుంచి ఒక చెయ్యి ఊగితే ఏదో పడుతుంది, పడింది నోట్లో పెట్టుకోవాలి అని వాళ్ళూ వీళ్ళూ విసిరి విసిరి దానికి నేర్పారు. మీ బాబు బూటుని అది తిండి అనుకునే తీసుకుంది. మీకంటే ముందు విసిరిన ప్రతి వేరుశనగకాయా ఆ బూటుని దాని నోటి దాకా తీసుకెళ్ళింది.

ఎలుగుబంటికి పైవరసలో ముందు రెండు పళ్ళు ఉండవు. చెదపురుగుల్ని పుట్టలోంచి పీల్చుకుని తినడానికి ఆ సందు. మీరు "పీల్చినట్టు చేసింది" అని రాశారు, అదే. వెనక పళ్ళు మాత్రం గట్టివి, రబ్బరుని ఇట్టే నలిపేస్తాయి. బటన్ సెల్లు గొంతులో ఇరుక్కుంటే లాలాజలం తగిలి అక్కడే కండని కాల్చేస్తుందని మా డాక్టరుగారు చెప్పేవారు. మనుషుల పిల్లల్లో అయితే రెండు గంటలు చాలు. మీ ఇంట్లో రిమోట్లు, మాట్లాడే బొమ్మలు ఉంటే అవి కూడా ఓసారి చూసుకోండి. మా కాలంలో లైట్ల బూట్లు లేవు. జింకల పొట్టలో పాలిథిన్ కవర్లు మాత్రం నా చేతులతో తీశాను. చనిపోయిన జింకని కోస్తే చద్దన్నం ముద్దలా గట్టిగా కవర్ల ఉండ. దాన్ని నేలమీద పరిచి లెక్కపెట్టాం. చిప్స్ ప్యాకెట్లు, టిఫిన్ కట్టిన కవర్లు, ఒక పెళ్ళి శుభలేఖ సంచి.

ఇక రెయిలింగ్. అది జంతువుని ఆపడానికి అని అందరూ అనుకుంటారు. జంతువుని ఆపేది కందకం. రెయిలింగ్ ఆపేది మనల్ని. ఆ రెండిటి మధ్య మొక్కలు నాటి వదిలిన మూరెడు జాగా ఎందుకంటే, పిల్లాడు తూలినా, చెయ్యి జారినా ఇంకా కాస్త నేల ఉండాలని. పిల్లాణ్ణి రెయిలింగ్ మీద కూర్చోబెట్టిన మరుక్షణం ఆ జాగా మొత్తం మనమే వాడేసుకున్నట్టు. అందుకే ఆ కుర్రాడు అరిచింది. మెల్లగా చెప్పే టైం అతనికి లేదు. నేనూ అలా అరిచాను, ఎన్నోసార్లు. తిట్లు తిన్నాను, ఒకసారి చొక్కా పట్టుకున్నారు కూడా.

పాలకొల్లు తమ్ముడు సిన్సినాటి సంగతి రాశాడు. ఆ పిల్లాడు మూడడుగుల కంచె దూరి, పొదలు దాటి, పదిహేనడుగుల కిందకి నీళ్ళలో పడ్డాడు. అంత జరిగినా గొరిల్లా వాణ్ణి కొరకలేదు. కాసేపు అడ్డంగా నిలబడింది, కాసేపు నీళ్ళలో ఈడ్చింది. పైనుంచి జనం కేకలకి అది ఇంకా కంగారు పడిందని చూసిన వాళ్ళు చెప్పారు. సుమారు పది నిమిషాలు గడిచాక కాల్చేశారు. మత్తు సూది వెయ్యొచ్చు కదా అని అప్పుడు చాలామంది అడిగారు. నన్నూ ఊళ్ళో అడిగారు. సూది తగిలిన క్షణాన జంతువు పడిపోవడం సినిమాల్లోనే. మందు పని చెయ్యడానికి ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోపు సూది గుచ్చుకున్న నొప్పికి అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. చేతిలో పిల్లాడున్నప్పుడు ఆ పందెం ఎవరు కాస్తారు? నేను అక్కడున్నా తుపాకీకే ఒప్పుకునేవాణ్ణి, ఆ తర్వాత జన్మంతా ఏడ్చేవాణ్ణి. చేత్తో తిండి పెట్టిన జంతువు అది.

1986లో జెర్సీ దీవిలోని జూలో జాంబో అనే గొరిల్లా కింద పడిన పిల్లాడి వీపు నిమిరింది. 1996లో షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో బింటి జువా అనే ఆడ గొరిల్లా, వీపున తన పిల్ల ఉండగానే, మూడేళ్ళ బాబుని ఎత్తుకెళ్ళి తలుపు దగ్గర పడుకోబెట్టింది. ఇవి తల్చుకుంటే నా ఒళ్ళు పులకరిస్తుంది. కానీ వీటిని చూసి జంతువు మంచిదే, ఏమీ చెయ్యదులే అనుకోకూడదు.

జూ వైపు లోటు లేదని అననమ్మా. సిన్సినాటిలో తర్వాత కంచెని 42 అంగుళాలకి పెంచి, దూరడానికి సందు లేకుండా తాళ్ళ వల కట్టారు. ముందే కడితే ఆ గొరిల్లా బతికేది. గోడ గురించి మీ మావయ్యగారు అడిగింది అడగాల్సిందే. ఆ కుర్రాణ్ణి మాత్రం కాదు.


గన్నవరం కోడలు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఆరుంపావుకి ఫోన్ ఎత్తారండి. ఎత్తినాయన ఒక్క మాట తిట్టలేదు. ఏ టైం, ఏ కాలు, ఎంత సైజు అని అడిగి రాసుకున్నారు. పది నిమిషాల్లో డాక్టరుగారే తిరిగి చేశారు. ఫోటోలు పంపాను. ఆదివారం సాయంత్రమే లోపలి గదిలో బూటు పై భాగం దొరికిందట, అట్ట చిరిగిపోయి ఉందట. మడమ ముక్క మాత్రం దొరకలేదు. బ్యాటరీ ఉంటుందని వాళ్ళు అనుకోలేదు. ఈ రోజు ఎలుగుబంటిని బయటికి వదలకుండా ఆవరణంతా వెతుకుతామన్నారు.

అన్నయ్యా, పాలకొల్లు అన్నయ్యా, మీ మాటకి నిన్న రాత్రి ఏడుపొచ్చింది, మంచి ఏడుపే. కానీ మీ పాప చెయ్యి జారిపోయింది. మా వాణ్ణి మేమే ఎక్కించాం. ఈ రెండూ నాకు ఒకటిగా అనిపించడం లేదండి. ఆ సిన్సినాటి తల్లి కూడా ఎక్కించలేదు, వాడు దూరిపోయాడు. ఆవిణ్ణి అన్ని మాటలన్నారు. మమ్మల్ని చూసి జనం చప్పట్లు కొట్టారు.


పాలకొల్లు నాన్న
మంగళవారం, మధ్యాహ్నం 2:00

అవునమ్మా. ఒప్పుకుంటున్నాను. నేను కూడా ఎక్కించాను, కాకినాడ బీచ్‌లో గుర్రం మీద, పిల్ల వద్దని ఏడుస్తుంటే. ఫోటో కోసం.


రాజోలు మాష్టారు
మంగళవారం, రాత్రి 8:45

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఏడాదికోసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో కోరంగి అభయారణ్యానికి తీసుకెళ్తాను. కాకినాడ దగ్గర చొల్లంగి, మన గోదావరి సముద్రంలో కలిసే చోటున్న మడ అడవులు. 1978లో అభయారణ్యం చేశారు. అక్కడ బోనులుండవు. మడ చెట్ల మధ్యలోంచి చెక్క వంతెన మీద నడవాలి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. బావురు పిల్లి ఉంటుంది, నీటికుక్కలుంటాయి అని బస్సులో ఊరించి ఊరించి తీసుకెళ్ళాను. అరవై మంది పిల్లలు వంతెన మీద దబదబా పరుగెత్తారు, కేకలు, ఈలలు. రెండు గంటలు తిరిగితే ఒక్క కొంగ కూడా నిలబడలేదు. పిల్లలు "ఏమీ లేదు మాష్టారూ, వేస్ట్" అన్నారు. తిరిగొస్తుంటే వంతెన కింద బురదలో చిప్స్ ప్యాకెట్లు. మా వాళ్ళవే, బస్సులో నేను పంచినవే.

రెండో ఏడాది నుంచి బావురు పిల్లి మాట ఎత్తడం మానేశాను. తినేవి బస్సులోనే తినిపించి, ఖాళీ చేతులతో దింపుతాను. ఎనిమిది మందికి ఒక పెద్ద మనిషి. అందుకు తల్లిదండ్రులనే పిలుస్తాను, మొదట్లో వాళ్ళే ఎక్కువ మాట్లాడేవారు. వంతెన మీద ఒక చోట అందర్నీ కూర్చోబెట్టి పది నిమిషాలు కిందకి చూడమంటాను. మొదటి మూడు నిమిషాలు బురద తప్ప ఏమీ ఉండదు. తర్వాత కన్నాల్లోంచి ఒక్కొక్కటే ఎర్ర పీతలు బయటికొస్తాయి, ఒక చెయ్యి ఒంటికంటే పెద్దది, దాన్ని ఊపుతూ. బురద మీద గెంతే చిన్న చేపలు చెట్టు వేళ్ళ మీదకి ఎక్కుతాయి. పోయినేడు ఒక పిల్ల దగ్గు వస్తే చున్నీ నోట్లో కుక్కుకుంది, పీతలు లోపలికి పోతాయని. బావురు పిల్లి కనపడలేదు. దాని అడుగులు కనపడ్డాయి, పోటు దిగిన బురదలో, గోళ్ళ గుర్తులతో సహా. ఆ అడుగుల దగ్గర పిల్లలు ఇరవై నిమిషాలు నిలబడ్డారు.

కనపడని జంతువుని కూడా పిల్లలు గౌరవించగలరమ్మా. మనమే ఓపిక పట్టలేం. 2024 సెప్టెంబరులో కడియం నర్సరీల వైపు చిరుతపులి వచ్చిందని తెలియగానే మా తమ్ముడు కొడుకుని బైక్ మీద కూర్చోబెట్టుకుని చూడ్డానికి బయల్దేరాడు. తాళం లాక్కుని దాచేసింది మా అమ్మ. ఎనభై ఏళ్ళావిడ, చదువు రాదు.

మీ బాబుని వచ్చే చలికాలం కోరంగి తీసుకురండి. పోటు లేని టైం చూసుకుని పొద్దున్నే రావాలి. అక్కడ వంతెనకి రెయిలింగ్ ఉంటుంది. ఎక్కించకండి, పక్కన మీరే కూర్చోండి. నాలుగేళ్ళ వాడి కళ్ళ ఎత్తుకి మీరు దిగితే వాడికి ఏం కనపడుతుందో ఏం కనపడదో మీకు తెలుస్తుంది.


గన్నవరం కోడలు
శనివారం, సాయంత్రం 6:20

నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. మంచి కబురు వచ్చాకే రాద్దామనుకున్నాను.

మంగళవారం సాయంత్రానికే ఆ తెల్ల డబ్బీ దొరికిందండి. కందకం అంచున గడ్డిలో. ఒక పక్క పంటి గాటు ఉంది కానీ విడిపోలేదు, సెల్లు రెండూ లోపలే ఉన్నాయట. వెతికే అబ్బాయి కర్ర తగిలి లైటు వెలిగింది, దాంతోనే కనపడిందట. ఎలుగుబంటిని శుక్రవారం దాకా గమనించారు. బాగానే తింటోంది, రోజూ పేడ కూడా చూశారు, రబ్బరు ముక్కలు తప్ప ఏమీ లేవు. నిన్న బయటికి వదిలారని డాక్టరుగారు చెప్పారు. మా ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టారు, అందరం విన్నాం. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకున్నారు.

కర్రతో వెతికింది ఆ రోజు అరిచిన కుర్రాడే. డాక్టరుగారిని అడిగితే ఫోన్ అతనికిచ్చారు. మా ఆయన "తమ్ముడూ, ఆ రోజు…" అని ఆగిపోయారు. అవతలి నుంచి ఆ అబ్బాయి "బాబు బాగున్నాడాండీ? పడలేదు కదా?" అని అడిగాడు. మా ఆయనకి అవునో కాదో చెప్పడానికి కూడా గొంతు పెగల్లేదు. నేనే తీసుకుని మాట్లాడాను. వేరుశనగకాయలు విసిరే వాళ్ళ గురించి, ఆదివారాలు అక్కడ ఒక మనిషిని పెట్టమని, రెయిలింగ్ కింద పిల్లలకి కనపడేలా అద్దం పెట్టొచ్చు కదా అని జూకి ఉత్తరం కూడా రాశాం. మావయ్యగారు చెప్పారు, నేను రాశాను. మా తప్పు మొదటి పేరాలోనే రాయమన్నారు.

ఆడపడుచు ఆ వీడియో స్టేటస్‌లో పెట్టింది. తీసేయమంటే మొదట చిన్నబుచ్చుకుంది, బ్యాటరీ సంగతి చెప్పాక తీసేసింది. నా ఫోన్‌లో మాత్రం ఉంచాను.

బాబు రెండు రోజులు బూటు కోసం ఏడ్చాడు. ఎలుగుబంటికి కడుపునొప్పి వచ్చేదని చెప్పాం. "దానికి మందు తాగించారా?" అని పొద్దునా సాయంత్రం అడుగుతున్నాడు. మాష్టారూ, కోరంగికి తప్పకుండా వస్తాం.

కోసేసిన ఎడమ బూటు ఇంకా అరుగు మీదే ఉంది. సెల్లు తీసి పడేశాం, మిగతాది పారేద్దామని తీస్తే మావయ్యగారు వద్దన్నారు. నిన్న సాయంత్రం పక్కింటి వాళ్ళ మనవడు లైట్ల బూట్లు వేసుకుని వస్తే, వాణ్ణీ వాళ్ళ నాన్ననీ అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఆ మడమ విప్పి లోపల డబ్బీ ఎక్కడుంటుందో చూపిస్తున్నారు.